కారుకు కార్బ్యురేటరు ఒకటి చాలునా, రెండు కావలెనా?

పాల్వంచలో మా పెదనాన్నగారి యింటి ముందర, వేపచెట్టు నీడను, ఒక పాత అంబాసిడరు కారు నిలిచియుండును. ఆయన విద్యుత్కేంద్రములో ఉద్యోగము చేయుచున్న దినములలో కొన్న కారు అది. ఆ కేంద్రములో మొదటి యూనిట్టు 1966లో పని ప్రారంభించినది. కాలము తీరిన ఆ పాత విభాగపు శీతలీకరణ గోపురములు ఎనిమిదింటిని 2024 ఆగస్టులో ఒక్కనాడే కూల్చివేసిరి. కారు మాత్రము నేటికిని నడుచుచున్నది. కొన్నేండ్ల క్రిందట ఈ కారు విషయమున మా కుటుంబములో ఒక వివాదము పుట్టినది. దానికి ఉన్న ఒక్క కార్బ్యురేటరు చాలునా, రెండు అమర్చవలెనా అన్నదే ఆ వివాదము. ఆ వివాదము ఎట్లు ముగిసినదో చెప్పుచు, దానివలన మేము నేర్చుకొన్న నాలుగు మాటలు శ్రోతలతో పంచుకొనదలచితిమి.

ఇప్పుడు తయారగు కార్లలో కార్బ్యురేటరు లేదు. 2000 సంవత్సరము తరువాత పొగను గూర్చిన నియమములు కఠినమైన కొలది, పెట్రోలును కొలిచి చిమ్ము సాధనము దాని స్థానమును ఆక్రమించినది. అంబాసిడరు ఉత్పత్తియే 2014లో నిలిచిపోయినది. అయినను తండ్రి కొన్న కారును అమ్మలేక దాచుకొన్న కుటుంబములు మన జిల్లాలలో అనేకము కలవు. అట్టి కారును బాగుచేయించుకొను సమయమున ఎవరో ఒకరు వచ్చి, "రెండు కార్బ్యురేటర్లు వేయించండి, బండి గుర్రంలాగా ఉరుకుతుంది" అని సలహా చెప్పక మానరు. ఆ సలహాలో నిజమెంత, భ్రమ ఎంత అని తెలిసికొనుట మంచిది.

మొదట కార్బ్యురేటరు చేయు పని ఏమో చూతము. దోమల మందు చల్లు ఫ్లిట్ పంపును పెద్దలు చూచియే యుందురు. గొట్టము కొనయందు గాలి వేగముగా పోవునప్పుడు, అడుగున డబ్బాలో ఉన్న మందు సన్నని గొట్టము గుండ పైకి వచ్చి తుంపరయై వెలువడును. కార్బ్యురేటరు చేయు పనియు నిదియే. భేదమేమనగా, ఫ్లిట్ పంపులో గాలిని మనము నెట్టుదుము. కారులో ఇంజను గాలిని పీల్చును. ఆ గాలి కార్బ్యురేటరు గొంతులోని ఇరుకు భాగమును దాటునప్పుడు దాని వేగము హెచ్చి, పీడనము తగ్గును. అందుచే ప్రక్కనున్న ఫ్లోట్ చాంబరులోని పెట్రోలు, జెట్టు అను సన్నని రంధ్రము గుండ వచ్చి ఆ గాలిలో కలియును. ఒక కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి కావలెను. కొలతలో చెప్పవలెనన్న, ఒక్క లీటరు పెట్రోలుకు సుమారు 9,000 లీటర్ల గాలి. కారు పెట్రోలు త్రాగుచున్నదని మనమందుము గాని, నిజమునకు అది గాలిని భుజించుచు పెట్రోలును నంజుకొనుచున్నది.

ఇచ్చట ఒక చిక్కు కలదు. గొంతు ఇరుకైనచో, కారు నెమ్మదిగా పోవునపుడు సయితము గాలి చురుకుగా సాగి పెట్రోలును చక్కని తుంపరగా చేయును. కాని పూర్తి వేగమున ఇంజనుకు గాలి చాలదు. గొంతు వెడల్పైనచో పూర్తి వేగమున గాలి సమృద్ధిగా అందును. కాని నెమ్మదిగా పోవునపుడు గాలి నీరసించి పెట్రోలు సరిగా కలియదు, ఇంజను తడబడును. కార్బ్యురేటరు నిర్మాణమంతయు ఈ రెంటి మధ్య కుదుర్చుకొన్న రాజీయే.

రెండు కార్బ్యురేటర్ల ఆలోచన ఈ చిక్కునుండియే పుట్టినది. ఒక పెద్ద గొంతునకు బదులు రెండు చిన్న గొంతులను పెట్టినచో, ఒక్కొక్క గొంతులో గాలి వేగము తగ్గదు. రెండును కలిసి ఎక్కువ గాలిని ఇచ్చును. అదిగాక, ఒకే కార్బ్యురేటరు నడుమనున్నప్పుడు పెట్రోలు కలిసిన గాలి అటునిటు మలుపులు తిరిగి సిలిండర్లకు చేరవలెను. రెండున్నచో దారి దగ్గరగును; పంపకము సమముగా జరుగును. అంబాసిడరులోని 1489 ఘనసెంటీమీటర్ల ఇంజనుకు నాలుగు సిలిండర్లున్నను గాలి పోవు ద్వారములు రెండే. మొదటి రెండు సిలిండర్లకు ఒకటి, కడపటి రెంటికి ఒకటి. కాబట్టి ఒక్కొక్క ద్వారమునకు ఒక్కొక్క కార్బ్యురేటరు అమర్చుట ఆ ఇంజనుకు సహజముగనే ఇమిడిన ఏర్పాటు.

మా తమ్ముడు, అనగా పెదనాన్నగారి కుమారుడు, హైదరాబాదులో ఉద్యోగి. అతడు చూపిన నిదర్శనము కూడ గట్టిదే. ఇంగ్లండులో 1955లో వెలువడిన ఎం.జి.ఏ. అను పందెపు తీరు కారులో ఉన్నది ఇదే 1489 ఘనసెంటీమీటర్ల ఇంజను. దానికి ఎస్.యు. కార్బ్యురేటర్లు రెండు. శక్తి మొదట 68, కొలది కాలమునకే 72 అశ్వములు. మన అంబాసిడరుకు ఒక కార్బ్యురేటరుతో సుమారు 50. "అన్నయ్యా, ఇంజను ఒక్కటే గదా! ఇరవై గుర్రాలను మనము ఊరికే వదులుకొంటున్నాము" అని అతడు మాతో వాదించెను. మేము తల యూపితిమి. మా పొరపాటు అక్కడనే మొదలైనది.

ఏలయన, ఆ ఇరవై గుర్రములను తెచ్చినది రెండవ కార్బ్యురేటరు ఒక్కటియే కాదు. ఎం.జి.ఏ. ఇంజనులో వాల్వులు పెద్దవి, వాటిని తెరచు కాంషాఫ్టు వేరు, సంపీడన నిష్పత్తి అధికము. పైగా ఆ శక్తి ఇంజను నిముషమునకు 5,500 చుట్లు తిరుగునప్పుడు వచ్చు శక్తి. అంబాసిడరు 4,200 చుట్లకే తన శక్తినంతయు ఇచ్చివేయును. ఇట్టిదే మరియొక నిదర్శనము: మదరాసులో స్టాండర్డు హెరాల్డుగా తయారైన కారునకు మూలమగు ట్రయంఫ్ హెరాల్డు 1959లో ఇంగ్లండులో వచ్చినప్పుడు, 948 ఘనసెంటీమీటర్ల ఇంజనుతోనే కుటుంబపు కారుకు ఒక కార్బ్యురేటరుతో 34.5, కూపే కారుకు రెంటితో 45 అశ్వశక్తి ఉండెను. అక్కడను సంపీడన నిష్పత్తిని పెంచియే ఆ శక్తిని తెచ్చిరి. కార్ఖానావారు ఒక్క వస్తువును మార్చి ఊరకుండలేదు. అన్నిటిని ఒకదాని కొకటి సరిపోవునట్లు మార్చిరి.

మరి మన దారిలో కారుకు కావలసిన శక్తి ఎంత? కొత్తగూడెము నుండి పాల్వంచ మీదుగా భద్రాచలము పోవు దారిని ఎరిగినవారికి వేరుగ చెప్పనక్కరలేదు. బొగ్గు లారీలు, బస్సులు, ఆటోలు, ఊరూరికి స్పీడు బ్రేకర్లు, ఆవలింతలు తీయుచు దారి దాటు గేదెలు, అడవి వచ్చిన పిమ్మట మలుపులు. అక్కడ సరాసరి వేగము నలుబది, ఏబది కిలోమీటర్లు. సమతలపు దారిలో ఏబది కిలోమీటర్ల వేగమునకు అంతటి కారుకు పది అశ్వశక్తికి మించి అవసరముండదు. అప్పుడు యాక్సిలరేటరు మీద కాలు కొంచెమే ఆనును; కార్బ్యురేటరులోని థ్రాటిల్ రేకు ముప్పాతిక మూసికొనియే యుండును. గాలిని అడ్డుచున్నది మన పాదమే గాని కార్బ్యురేటరు కాదు. సగము మూసిన తలుపు ప్రక్కన ఇంకొక సగము మూసిన తలుపు పెట్టినచో లోనికి వచ్చు జనము హెచ్చరు. రెండవ కార్బ్యురేటరు తన విలువను చూపునది కాలు అడుగుదాక నొక్కి, ఇంజనును ఉరికించినప్పుడు. వీధిలో తిరుగు కారు జీవితములో అట్టి క్షణములు మిక్కిలి తక్కువ.

ఈ లెక్క మాకు అప్పుడు తట్టలేదు. తమ్ముడు రెండు పాత ఎస్.యు. కార్బ్యురేటర్లను సంపాదించి, ఒక షెడ్డులో బిగింపించెను. మొదటి వారము బాగుగనే యుండెను. పికప్పు కొంత పెరిగినట్లే తోచెను. తరువాత వైశాఖమాసము వచ్చినది.

భద్రాచలములో పెదనాన్నగారి మేనకోడలికి పెండ్లి. ఉదయము పదిన్నరకు ముహూర్తము. పెండ్లికూతురిని గంపలో కూర్చుండబెట్టి పీటల మీదికి తేవలసినది మేనమామ. ఆయనకు డెబ్బది దాటినను, ఆ పని తానే చేయవలెనని, చేయూతకు పిల్లలు గంపకు చెరియొక వైపు పట్టినను ముందు చేయి తనదే కావలెనని పట్టుదల. ఎనిమిది గంటలకే బయలుదేరితిమి. దారిలో పెద్దమ్మతల్లి గుడి వద్ద కారు ఆపి కొబ్బరికాయ కొట్టి, పావుగంటలో తిరిగి వచ్చి స్టార్టరు నొక్కితిమి. ఇంజను తిరిగినది, అంటుకొనలేదు. మరల నొక్కితిమి. పెట్రోలు వాసన గుప్పున కొట్టినది. బానెట్ ఎత్తి చూడగా, వెనుక కార్బ్యురేటరు నుండి పెట్రోలు కారుచున్నది. ముందుదాని ఫ్లోట్ చాంబరు చేయి పెట్టలేనంత వేడిగా నున్నది. తడిగుడ్డలు కప్పితిమి. ప్లగ్గులు విప్పి ఆరబెట్టితిమి. చివరకు ఇంజను అంటుకొన్నను, రెండు కిలోమీటర్లు పోయి అడవి మొదలులో మరల ఆగిపోయినది. పెదనాన్నగారిని, పెద్దమ్మను దారిన పోవు ఆటోలో ఎక్కించి పంపితిమి. వారు చేరునప్పటికి గంప ఇంకెవరో ఎత్తిరి. జీలకర్ర బెల్లము కూడ అయిపోయినది. పెదనాన్నగారు ఆ విషయమున మా తమ్ముని ఒక్కమాటయు అనలేదు. అది మాకు మరింత కష్టముగా తోచినది.

మరునాడు కారును తాళ్లతో లాగించి పాల్వంచలో ఒక వృద్ధ మెకానిక్కు వద్దకు చేర్చితిమి. ఆయన చూచి చెప్పిన కారణములు మూడు. మొదటిది, ఆ ఇంజనులో కార్బ్యురేటర్లు, సైలెన్సరు గొట్టము మొదలు, రెండును ఒక్కవైపుననే యుండును. కారు నడుచుచున్నంతసేపు ఎదురుగాలి వేడిని కొంత మోసికొని పోవును. ఆపిన పిమ్మట క్రింది గొట్టపు వేడి పైకి ఎక్కి పెట్రోలును మరిగించును. రెండు కార్బ్యురేటర్లు పెట్టినపుడు వాటికిని గొట్టమునకును నడుమ వేడిని ఆపు రేకు తప్పక యుండవలెను. మాకు దానిని బిగింపలేదు. రెండవది, వెనుకదానిలో ఫ్లోట్ సూది అరిగినది. మూడవది, రెంటి థ్రాటిళ్లను కలుపు కడ్డీ బిగింపు వదులై, ఒకటి ముందుగా, ఒకటి ఆలస్యముగా తెరచుకొనుచున్నవి. "బండిది తప్పులేదు సారూ. ఇద్దరికీ జోడు కుదర్లే. కాడికి ఒక ముసలెద్దు, ఒక కోడెదూడ కట్టినట్టుంది" అని ఆయన నవ్వెను.

న్యాయముగా చెప్పవలెనన్న, మండుటెండలో పెట్రోలు మరుగుట ఒక కార్బ్యురేటరు కారుకును కలదు. పాత డ్రైవర్లు పెట్రోలు పంపుపై తడిగుడ్డ కప్పుట మనము ఎరుగనిది కాదు. కాని ఒకదానికి వచ్చు జబ్బును దారి ప్రక్కన కూర్చుండి ఎట్లో కుదుర్చుకొనవచ్చును. రెంటికి వచ్చినచో ఏది నేరస్థురాలో తేల్చుటకే గంట పట్టును.

ఆ మెకానిక్కు రెంటిని జతకుదుర్చు తీరు మాబోటి రేడియో ఉద్యోగికి ముచ్చట గొలిపెను. ఒక రబ్బరు గొట్టము కొనను చెవిలో పెట్టుకొని, రెండవ కొనను మొదట ముందు కార్బ్యురేటరు మూతి వద్ద, పిమ్మట వెనుకదాని మూతి వద్ద పట్టి, గాలి పీల్చు చప్పుడును వినును. రెండు చప్పుళ్లు సమమగు వరకు మరలను రవ్వంత రవ్వంత త్రిప్పును. గొట్టము మాకిచ్చి వినుమనెను. ఇద్దరు గాయకులలో ఒకరు మైకుకు దగ్గరగా, ఒకరు దూరముగా కూర్చున్నప్పుడు వినవచ్చు భేదము వంటిదే అది. గాలి సమమైన తరువాత ఒక్కొక్కదానిలో పెట్రోలు పాలును వేరుగ దిద్దవలెను. దానిని దిద్దినచో గాలి మరల కొంచెము మారును. ఇట్లు రెండు మూడు మార్లు. ఈ పనిని శ్రద్ధగా చేసినచో రెండు కార్బ్యురేటర్ల కారు మెత్తగా నడుచును. సిలిండర్లకు పంపకము సమమగుటచే పెట్రోలు కూడ దుబారా కాదు. "రెండు పెట్టినచో ఖర్చు రెండింతలు" అన్నమాట సరికాదు. జత చెడినప్పుడే ఖర్చు పెరుగును. మన గతుకుల దారులలో బిగింపులు వదులగుచుండును గనుక, జత చెడుట మాత్రము తరచు.

జత చెడినచో ఇంకొక నష్టము కలదు. ఆ కాలపు కార్లకు పొగ పరీక్షలో, నిలకడగా తిరుగు ఇంజను పొగయందు కార్బన్ మోనాక్సైడు 3 శాతమునకు మించరాదు. ఒక కార్బ్యురేటరు పెట్రోలును అధికముగా పోయుచున్నచో, రెండవది ఎంత పొదుపరి యైనను ఆ పరీక్షలో నెగ్గుట కష్టము. మరియు 2025 నాటికి దేశమందలి బంకులలో 20 శాతము ఇథనాలు కలిసిన పెట్రోలు వ్యాపించినది. కిలో ఇథనాలుకు సుమారు 9 కిలోల గాలియే చాలును. కాబట్టి పాత జెట్టుతో మిశ్రమము పలుచనై ఇంజను వేడెక్కును. పాత రబ్బరు భాగములు పాడగును. జెట్లు, సూదులు, వాషర్లు మార్పింపవలసివచ్చినచో, రెండున్నవారికి ఆ పని రెట్టింపు.

అయినచో రెండు కార్బ్యురేటర్లు ఎవరికి తగును? కారు పుట్టుకతోనే రెంటితో వచ్చినచో వానిని తీయరాదు. ఆ ఇంజను వాటికొరకే అమర్చబడినది. ఇంజను తలభాగము, కాంషాఫ్టు, సంపీడనము మొదలగునవన్నియు ఆ తగిన రీతిని మార్పించి, తెల్లవారుజామున ఖాళీగానున్న రహదారిపై కారు నడుపుటయే వేడుకగా గలవారు పెట్టుకొనవచ్చును. అట్టివారు చెవిని, ఓపికను కూడ పెట్టుకొనవలెను. 1983లో మన దేశమున వచ్చిన రాజ్‌దూత్ 350 మోటారు సైకిలుకు సిలిండర్లు రెండు, కార్బ్యురేటర్లు రెండు. దాని ఉరుకును మెచ్చుకొనినవారే దాని పెట్రోలు ఖర్చునకు బెదరిరి. దానిని నేటికిని ప్రాణప్రదముగా చూచుకొనువారు మాత్రము ఆ రెంటిని జతకుదుర్చు విద్యను తామే నేర్చినవారు.

నడిమి మార్గము ఒకటి కలదు. ఒకే కార్బ్యురేటరులో రెండు గొంతులుండు రకము. వెబర్ సంస్థవారి 32/36 అను కార్బ్యురేటరులో ఒక గొంతు 32 మిల్లీమీటర్లు, రెండవది 36. సాధారణముగా మొదటిదే పనిచేయును. కాలు బాగుగ నొక్కినపుడు మాత్రమే రెండవది తెరచుకొనును. ఫ్లోట్ చాంబరు ఒక్కటే గనుక రెంటికి జత కుదుర్చు బాధ లేదు. ఎస్.యు. కార్బ్యురేటరు ఈ చిక్కును వేరొక విధముగ విప్పినది. ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఇంగ్లండులో పాదరక్షల వర్తకుల కుటుంబమునకు చెందిన స్కిన్నర్ సోదరులు దీనిని రూపొందించిరి. ఇంజను పీల్చుకొను గాలిని బట్టి అందులోని పిస్టను తనంతట తానే పైకి లేచి గొంతును వెడల్పు చేయును; దానితో కూడ లేచు సూది పెట్రోలు పాలును దిద్దును. నెమ్మదికి ఇరుకు గొంతు, వేగమునకు వెడల్పు గొంతు, అన్నియు ఒక్కదానియందే. పెదనాన్నగారి కారుకు మొదటినుండి ఉన్నది ఇట్టి కార్బ్యురేటరే!

కావున శ్రోతలకు మా మనవి ఇది. పాత కారు నీరసించినట్లు తోచినపుడు రెండవ కార్బ్యురేటరు కొరకు పరుగెత్తకుడు. మొదట ఉన్నదాని ఆరోగ్యము చూడుడు. ఏర్ ఫిల్టరును శుభ్రము చేయించుడు; మన ఎఱ్ఱదుమ్ము దారులలో అది త్వరగా మూసికొనిపోవును. సిలిండర్లలో సంపీడనము కొలిపించుడు. వాల్వుల సందులు, పాయింట్లు, ప్లగ్గులు, మెరుపు వేళ సరిచూపించుడు. ఆ పిమ్మట కార్బ్యురేటరును విప్పించి, జెట్టును, ఫ్లోట్ సూదిని, థ్రాటిల్ కడ్డీ అరుగుదలను పరీక్షింపజేయుడు. అరిగిన కడ్డీ ప్రక్కనుండి దొంగగాలి జొరబడినచో ఎంత మంచి జెట్టు పెట్టినను ఇంజను నిలకడగా తిరుగదు. ఈ పనులన్నిటికి అగు వ్యయము సాధారణముగా రెండు కార్బ్యురేటర్ల వ్యయమున కొక భాగమే. పోయినదనుకొన్న శక్తి చాలవరకు ఇక్కడనే దొరకును.

మా పెదనాన్నగారి కారుకు ఆ మెకానిక్కు పాత కార్బ్యురేటరునే శుభ్రము చేసి, కొత్త సూది, జెట్టు వేసి బిగించెను. విప్పిన రెంటిని తమ్ముడు నూనె పూసి గుడ్డలో చుట్టి అటకపై దాచెను. ఎన్నడైన తగిన ఇంజను దొరికినప్పుడు వాడుదునని అతని ఆశ. అందులో తప్పు లేదు. మరుసటి ఏడు మాఘమాసములో మా యింటనే ఇంకొక పెండ్లి జరిగినది. పెండ్లికూతురు పెదనాన్నగారికి రెండవ మేనకోడలు. ఈ సారి కారు పెద్దమ్మతల్లి గుడి వద్ద ఆగి, అరగంట పిమ్మట మొదటి నొక్కునకే అంటుకొన్నది. గోదావరి వంతెన దాటునప్పటికి ముహూర్తమునకు ఇంకను గంటన్నర వ్యవధి యుండెను. గంపకు ముందు చేయి ఆయనదే.